రెండంగుళాలు తక్కువైన గుమ్మం

మా జిల్లా చారిత్రక స్థలాల పరిరక్షణ సంఘంలో పదకొండు మంది సభ్యులం. అందరం రిటైరైనవాళ్ళమే, ఒక్క కోశాధికారి తప్ప. ఆయనకి ఇంకా ఉద్యోగం దొరకలేదు. నేను కార్యదర్శిని. ఉత్తరాలు రాసేదీ, పాత రికార్డులు తిరగేసేదీ, సమావేశం అయ్యాక టీ కప్పులు కడిగేదీ నేనే. చరిత్రంటే ప్రాణమిచ్చే మనుషులకి ఒక కప్పు కడగడానికి చేతులెందుకు రావో నాకిప్పటికీ అర్థం కాదు. అయినా కడుగుతూనే ఉన్నాను.

మేం చేసే పని ఇదీ. జిల్లాలో ఏ ముఖ్యమైన సంగతి ఎక్కడ జరిగిందో కనిపెట్టి, అక్కడి గోడకి ఇత్తడి పలక బిగిస్తాం. బిగించాక మా తొమ్మిదో నిబంధన అమల్లోకి వస్తుంది. సంఘం కాగితం మీద ఒప్పుకుంటే తప్ప ఆ కట్టడంలో ఇటుక కూడా కదపకూడదు. మా కాగితం చూడందే మునిసిపాలిటీవాళ్ళు కూడా అనుమతి ఇవ్వరు. మా ఇళ్ళల్లో మా మాట వినే దిక్కు లేదు కాబట్టి ఈ నిబంధనంటే మా అందరికీ మహా ఇష్టం.

మా ఆఫీసున్న వీధిలోనే, కాస్త ముందు, ఒక దర్జీ ఆవిడ ఇల్లుంది. ఆరేళ్ళ కిందట ఆ ఇంటికి పలక పెట్టాం, 'జిల్లాలో మొట్టమొదటి వార్తాపత్రిక ఈ ఇంట్లో అచ్చయింది' అని. ఆ ఇల్లు కనిపెట్టింది నేనే. సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టారు. సగం మందిని లేపి మరీ కొట్టించారు.

ఆవిడ తండ్రి ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయాయి. కూతురు వీల్‌చైర్ కొంది. మడత విప్పి ఆయన్ని కూర్చోబెట్టాక తెలిసింది, అది వీధి గుమ్మంలో పట్టదని. గుమ్మం వెడల్పు చేయించుకుంటానని మాకు దరఖాస్తు పెట్టింది. 'పత్రిక అచ్చయిన నాటి గుమ్మం' అని నేను తిరస్కరించాను. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిరస్కరించాను. నాలుగో ఉత్తరం మరీ బాగా కుదిరింది. పంపేముందు రెండుసార్లు చదువుకున్నాను.

ఐదో దరఖాస్తు పట్టుకుని ఆవిడే ఆఫీసుకొచ్చింది. మెళ్ళో టేపు కూడా తియ్యలేదు.

"సార్, మీరోసారి వచ్చి చూడండి. ఉత్తరాల్లో ఏం తెలుస్తుంది?"

వెళ్ళాను. గుమ్మం కొలిచి చూపించింది, ఇరవైనాలుగు అంగుళాలు. కుర్చీ ఇరవైఆరు.

"రెండంగుళాలు సార్. అదే జాకెట్టయితే కుట్లు విప్పి వదులు చేసేదాన్ని."

పెద్దాయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. వీధి మలుపులో బస్సు చప్పుడైతే చెవి అటు పడేశాడు. "డ్రైవరు కొత్తవాడు. క్లచ్ మీంచి కాలు తియ్యట్లేదు," అన్నాడు నాతో, నేను అడక్కుండానే.

"బయటికెళ్ళి ఎన్నాళ్ళయిందండీ?"

"ఆస్పత్రికని మూడుసార్లు వెళ్ళాను. నలుగురు మోసుకెళ్ళారు. బతికుండగా నలుగురు మోస్తుంటే ఏం బాగుంటుందయ్యా?"

నాకు మనసు చివుక్కుమంది. నిబంధన నిబంధనే గానీ, ఆ గుమ్మం పత్రిక అచ్చయిన తర్వాతెప్పుడో పెట్టిందని తేలితే అనుమతివ్వడానికి దారి దొరుకుతుంది. నేరుగా రికార్డుల గదికి వెళ్ళి ఆ కాలం నాటి ఇంటిపన్ను రిజిస్టరు తీశాను. పత్రిక ఇల్లు నాలుగో నంబరని ఆరేళ్ళ కిందట అందులోనే చూశాను. అప్పట్లో మొదటి రెండు పేజీలు అతుక్కుపోయి ఉంటే ఎవరు విప్పుతార్లే అని వదిలేశాను. ఈసారి విప్పాను. 'ఇళ్ళ లెక్క నది వైపు నుంచి' అని ఉంది.

నేను బస్టాండు వైపు నుంచి లెక్కపెట్టాను. రోజూ అక్కడే బస్సు దిగుతాను కాబట్టి వీధి అక్కడే మొదలవుతుందనుకున్నాను.

నది ఒడ్డుకి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టుకుంటూ వచ్చాను. నాలుగోది మా సంఘం ఆఫీసు. నమ్మబుద్ధి కాక ఇంకోసారి లెక్కపెట్టాను. అప్పుడూ మా ఆఫీసే. తొమ్మిదేళ్ళ కిందట అక్కడొక పాత పెంకుటిల్లుంటే కూల్చేసి మేం ఈ ఆఫీసు కట్టుకున్నాం. శంకుస్థాపన నాడు పాత కట్టడాల్ని కాపాడుకోవాలని మా అధ్యక్షుడు గంటసేపు మాట్లాడాడు.

మర్నాడే సమావేశం పెట్టించి సంగతి చెప్పాను. మా అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అంటే పత్రిక ఇల్లు కూల్చింది మనమేనా?"

"మనమే మాస్టారూ."

"ఇంకెవరికి తెలుసు?"

"ఇప్పుడు మీ పదిమందికీ తెలుసు."

"చూడవయ్యా, పలక పెట్టి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ పలకకీ ఒక చరిత్ర ఉంది. ఎక్కడిదక్కడ ఉంచేద్దాం."

తొమ్మిది చేతులు లేచాయి. కోశాధికారి సగం ఎత్తాడు. తొమ్మిదిన్నర ఓట్లతో తీర్మానం నెగ్గిందని రాశాను. రాస్తుంటే ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీదా, అంతకంటే నా మీదా.

సంఘం ముద్ర నా సొరుగులోనే ఉంటుంది. 'సదరు ఇంట్లో చెప్పుకోదగ్గదేదీ జరగలేదు, గుమ్మం ఎంతైనా పెంచుకోవచ్చు' అని రాసి, ముద్ర వేసి, కింద నా రాజీనామా కూడా రాసేశాను. కాగితం మునిసిపాలిటీలో ఇచ్చొచ్చాను. రెండు రోజులకి అనుమతి వచ్చింది.

మేస్త్రీ వచ్చే పొద్దున స్క్రూడ్రైవరు పట్టుకుని దర్జీ ఆవిడ ఇంటికెళ్ళాను. పలక విప్పుతుంటే పెద్దాయన కిటికీలోంచి చూసి కంగారుపడ్డాడు.

"అదెందుకయ్యా తీస్తున్నావు?"

లోపలికెళ్ళి చెప్పాను. "ఇది ఆ ఇల్లు కాదండీ. తప్పు నాదే. అవతలి చివర్నుంచి లెక్కపెట్టాల్సింది."

కూతురు దుమ్ము పడకుండా కుట్టుమిషను మీద దుప్పటి కప్పుకుంటోంది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

"ఇక్కడ అచ్చు కాలేదా పత్రిక?" అన్నాడు పెద్దాయన.

"కాలేదండీ."

ఆయన తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. "అమ్మాయి మొదటి నెల్లోనే గుమ్మం పగలగొట్టించేస్తానంది, ఎవడొచ్చి అడ్డుపడతాడో చూస్తానని. నేనే వద్దన్నాను. పేరున్న ఇల్లు, మన మూలంగా పాడవకూడదమ్మా, నేనిలా కూర్చుంటాలే అన్నాను."

సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. క్షమించమన్నాను. ఎనిమిది నెలలకి ఆ మాట ఏ మూలకీ రాదని చెబుతున్నప్పుడే తెలుసు. ఆయన నా వైపు చూడలేదు. సుత్తి పట్టుకుని గుమ్మం దగ్గర తటపటాయిస్తున్న మేస్త్రీ వైపు చూశాడు.

"కొట్టవయ్యా. ఉత్త గోడే," అన్నాడు.