జీరో అక్క అనని మాట

పొద్దున్న ఆరింటికి బంకు గొలుసు తీయగానే ఆవిడ చేసే మొదటి పని తడిగుడ్డతో మిషను అద్దం తుడవడం. లోపలి అంకెలు స్పష్టంగా కనబడాలి. తర్వాత టోపీ సర్దుకుని, పైపు చేతిలోకి తీసుకుని, ముందొచ్చిన బండివాడితో "జీరో చూసుకోండి" అంటుంది. పద్దెనిమిదేళ్ళుగా రోజుకి మూడు నాలుగు వందల సార్లు అదే మాట. చివరికి ఆ మాటే పేరై కూర్చుంది. పిల్లలకీ పెద్దలకీ ఆవిడ జీరో అక్కే. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ మాట ఏ బంకులోనైనా అంటారు. కాకపోతే జీరో అక్క అంటే మాత్రం, సున్నా చూసినవాడి కోపం కూడా సున్నా అవుతుంది. ఇది ఊరందరికీ తెలిసిన సంగతే. ఇంట్లో పోట్లాడి బయల్దేరిన మొగుళ్ళు ఆఫీసుకి పోయేముందు ఇటు తిరిగి వెళ్తారు. వియ్యంకుల మధ్య మాటా మాటా పెరిగితే, పెద్దమనుషులు ఇద్దరినీ ఒకే స్కూటరెక్కించి ఇక్కడికి పంపిన సందర్భాలున్నాయి. మేనేజరుకి ఇందులో పట్టించుకోవాల్సినదేమీ కనబడలేదు. అమ్మకం బాగుంది, ఆయనకి అది చాలు.

చిక్కంతా పెట్రోల్ ధర కొండెక్కి కూర్చున్నప్పుడు వచ్చింది. నెలకి రెండుసార్లు పెరగడం మొదలయ్యేసరికి ఊళ్ళో బండి ఉన్న ప్రతివాడి కడుపూ మండింది. అందరికంటే ఎక్కువ మండింది వ్యాను అన్నయ్యకి. ఆయన జీరో అక్కకి తోడబుట్టినవాడు. పాత వ్యానులో పద్నాలుగు మంది పిల్లల్ని బడికి చేరవేస్తాడు. పిల్లల తల్లిదండ్రుల్ని ఇంకాస్త ఇమ్మని అడగడానికి ఆయనకి మొహమాటం. పెట్రోలుకి ఆ మొహమాటం లేదు. ఖర్చు తడిసి మోపెడయింది. ముందు బండి కడిగే మనిషిని మాన్పించాడు. తర్వాత మధ్యాహ్నం ఇంటికొచ్చి తినడం మానేశాడు. ఆఖరికి పిల్లలు దిగిపోయాక పల్లం రోడ్డు మీద ఇంజను ఆపేసి బండిని జారనివ్వడం మొదలుపెట్టాడు.

"అడగందే అమ్మైనా పెట్టదు" అని ఆయనే బండ్లవాళ్ళందరినీ వంతెన దగ్గర పోగేశాడు. టాక్సీలవాళ్ళు, సరుకుల బండ్లవాళ్ళు, ఇంటింటికీ పార్సిళ్ళు మోసేవాళ్ళు, స్కూటరు మీద ట్యూషన్లకి తిరిగే లెక్కల టీచరమ్మ, అందరూ వచ్చారు. మంగళవారం పొద్దున్న ఊరేగింపుగా వెళ్ళి, పన్నుల ఆఫీసు ముందు బండ్లు అడ్డంగా పెట్టి కదలకూడదని తీర్మానించారు.

మంగళవారం అందరూ బయల్దేరారు. ఊరేగింపంటే నెమ్మదిగా పోవాలి, నెమ్మదిగా పోతే బండి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. అందుకని ముందు బంకుకెళ్ళి కొట్టించుకున్నారు. జీరో అక్క అలవాటు చొప్పున "జీరో చూసుకోండి" అంది. చూసుకున్నారు. ఒకరినొకరు కుశలమడిగి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. పన్నుల ఆఫీసు ముందు, టాంకులో ఇంకా ఉందని బంకుకి రాని వ్యాను ఒక్కటే మధ్యాహ్నం దాకా నిలబడింది.

రెండోసారీ అదే వరస. మూడోసారి టీచరమ్మ ఓ ఉపాయం చెప్పింది, ముందురోజే కొట్టించి పెట్టుకుందామని. ముందురోజే చల్లబడ్డారు. వేరే బంకుకి పోవచ్చుగా అంటారా? ఉన్న ఇంకో బంకు ఊరవతల, ఆరు కిలోమీటర్లు. పెట్రోల్ ధర మీద కోపం నిలబెట్టుకోవడానికి అంత పెట్రోల్ తగలేసే తెగువ ఎవరికుంటుంది?

వ్యాను అన్నయ్యకి ఉంది. మూడోసారి తర్వాత ఆయన చెల్లెలి బంకు వైపు తిరిగి చూడలేదు. రానూ పోనూ పన్నెండు కిలోమీటర్లు తిరిగి కొట్టించుకొచ్చేవాడు. చెల్లెలితో మాట్లాడటం కూడా మానేశాడు. ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో, మధ్యలో నాలుగిళ్ళు. అయినా నలభై రోజులపాటు పలకరింపు లేదు. ఆవిడ ఎదురొస్తే ఆయన అద్దంలో వెనకొచ్చే బండిని చూస్తున్నట్టు నటించేవాడు, వెనక ఏ బండీ లేకపోయినా సరే.

నలభయ్యో రోజు మధ్యాహ్నం వదిన వచ్చింది. జీరో అక్క వరండాలో యూనిఫాం ఆరేస్తోంది.

"వ్యాను అమ్మేస్తున్నారే మీ అన్నయ్య," అంది వదిన, కూర్చోకుండానే. "శనివారం వచ్చి తోలుకుపోతానన్నాడు పాత బండ్లాయన."

"బండి లేకపోతే ఏం చేస్తాడు వదినా?"

"ఎక్కడో దూరాన గోడౌన్లో కాపలా పనుందట. ఆరునెలలకోసారి ఇంటికి పంపుతారట. రేపటి ఊరేగింపు ఒక్కటే మిగిలిన ఆశ అంటున్నారు. అదీ పోతే ఇక ఆగరు."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదు."

"చెబితే నువ్వేడుస్తావు. నువ్వేడిస్తే ఆయన మెత్తబడిపోతారు. ఆ మనిషి సంగతి నీకు తెలీదా?" వదిన తీగ మీది చొక్కా మడత సరిచేసింది. "రేపు నువ్వు సెలవు పెట్టకూడదూ?"

"పైపు పట్టేది నేనొక్కదాన్నే. రాకపోతే బంకు మూసేస్తారు. అప్పుడు ఊరేగింపుకి ఎవరి బండీ కదలదు."

"పోనీ ఆ మాట అనకు."

జీరో అక్కకి ఆ ఆలోచన అంతవరకూ తట్టలేదు. పద్దెనిమిదేళ్ళలో ఆ మాట అనకుండా ఒక్క చుక్క పోయలేదు. సున్నా చూపించకుండా పోస్తే మోసం కింద లెక్క, ఆ పూటే పనిలోంచి తీసేస్తారు. ఇంట్లో గ్లాసులో పాలు పోసినా ఆవిడ నోట అదే మాట వస్తుందని మొగుడు వెక్కిరిస్తూంటాడు. "చూద్దాంలే వదినా," అంది. ఆ సాయంత్రం కూర మాడ్చింది.

మర్నాడు పొద్దున్నే బండ్లు బారులు తీరాయి. వ్యాను అన్నయ్య లోపలికి రాలేదు. రోడ్డవతల నిలబడి, "కళ్ళు మూసుకుని కొట్టించుకోండయ్యా, ఎవరూ సున్నా చూడకండి" అని అరుస్తున్నాడు. చొక్కా భుజాల మీంచి జారిపోయేంతగా చిక్కిపోయాడు. జీరో అక్క అది చూసింది.

ముందు నిలబడ్డది టాక్సీ బాబాయి. పెద్దాయన కళ్ళు గట్టిగా మూసుకుని, ఎందుకైనా మంచిదని చెవుల్లో వేళ్ళు కూడా పెట్టుకున్నాడు. జీరో అక్క పైపు పెట్టింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. మీట నొక్కింది.

తర్వాత టీచరమ్మ స్కూటరు. ఆవిడతోనూ అనలేదు. అనలేదు కనక అంకె సున్నాకి రాలేదు, బాబాయిది ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే కదిలింది.

టీచరమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. "ఇదేంటమ్మా, నాది ఇంతుండదే."

"బాబాయిదీ మీదీ కలిపి అండీ. మీది మీరిస్తే చాలు."

లెక్కల టీచరు కనక తీసివేత చేసి తనది ఇచ్చేసింది. కానీ వెళ్ళలేదు. స్కూటరు పక్కన పెట్టి అద్దం వైపే చూస్తూ నిలబడింది. మూడో బండి వచ్చింది, నాలుగోది వచ్చింది. అంకె పెరుగుతూ పోయింది. కొట్టించుకున్నవాడు ఎవడూ కదల్లేదు. ఇన్నాళ్ళూ ఎవరి అంకె వాళ్ళు చూసుకుని, జేబు తడుముకుని, నా ఖర్మ అనుకుంటూ పోయినవాళ్ళే. ఇప్పుడు ముందువాడిదీ వెనకవాడిదీ కలిసి కనబడేసరికి కోపం కూడా అలాగే కలిసింది. విచిత్రంగా ఎవరూ కేకలు వేయలేదు. టాక్సీ బాబాయి చెవుల్లోంచి వేళ్ళు తీసి, పక్కనున్న పార్సిళ్ళతన్ని "నీదెంతయింది నాయనా?" అని అడిగాడు. ఏళ్ళ తరబడి ఒకే వరసలో నిలబడుతున్నా ఎవరూ ఎవర్నీ ఆ మాట అడిగింది లేదు.

పదకొండింటికల్లా అంకెలు అద్దంలో పట్టలేదు. మిషను దిగి గోడెక్కాయి, మేనేజరు గది మీదుగా ప్రహరీ పొడవునా పాకాయి. మేనేజరు తలుపు తీసుకుని బయటికొచ్చి, నుదుటికంటుకున్న తొమ్మిదిని తుడుచుకున్నాడు. వంతెన దాకా బండ్లే. పన్నుల ఆఫీసుకి ఎవరూ వెళ్ళక్కర్లేకపోయింది. ఊరు ఇక్కడే ఆగిపోయింది.

"నీకేమైనా మతిపోయిందా? పైవాళ్ళకి తెలిస్తే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి," అని మేనేజరు పైపు లాక్కుని తనే "జీరో చూసుకోండి" అన్నాడు. మెల్లగా అన్నాడు, గట్టిగా అన్నాడు, బతిమాలుతున్నట్టు కూడా అన్నాడు. అంకె కదల్లేదు. పైపు తిరిగి ఆవిడ చేతికే ఇచ్చేశాడు.

మధ్యాహ్నం పన్నుల అధికారి వచ్చాడు. కారు వంతెన అవతలే ఇరుక్కుపోతే చెమటలు కక్కుతూ నడిచొచ్చాడు. "నువ్వేనా అమ్మా? ఆ మాటేదో అనేసెయ్. రోడ్డు ఖాళీ కావాలి."

వ్యాను అన్నయ్య రోడ్డు దాటి బంకు అంచుదాకా వచ్చాడు. "అనేస్తుంది," అన్నాడు టీచరమ్మతో, నీరసంగా. "దాని మనసు వెన్న. ఎవరేం అడిగినా కాదనలేదు."

జీరో అక్కకి ఆ మాట వినబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఎవరికీ ఎదురు చెప్పలేదు.

"అంటాను సార్," అంది. "అన్నానంటే వీళ్ళంతా నవ్వుకుంటూ ఇళ్ళకి పోతారు. కోపం పోతుందిగానీ కష్టం పోదు. అందుకని ముందు మీరు ఎంతయిందో చూసుకోండి."

అధికారి గోడ వెంట నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో అంకె దగ్గర ఆగి "ఇదెవరిది?" అని అడిగేవాడు. "నాదండీ, సరుకుల బండి" అని ఒకరు, "నాదండీ, మా ఆవిడకి కళ్ళజోడు కొనడం మానేసి కొట్టించాను" అని ఇంకొకరు. ప్రహరీ చివరికి వెళ్ళేసరికి ఆయన అడగడం మానేశాడు. తిరిగొచ్చి టాక్సీ బాబాయి బండి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"పై పన్ను నా చేతిలో లేదు. ఊరి పన్ను వరకూ ఉంది."

"చేతిలో ఉన్నది చెయ్యండి," అంది టీచరమ్మ, బ్యాగులోంచి కాగితం తీసి ఇస్తూ.

బండి నడుపుకుని బతికేవాళ్ళకి ఊరి పన్ను తీసేస్తున్నట్టు ఆయన అక్కడే రాసి సంతకం పెట్టాడు. తగ్గేది ఏమంత ఎక్కువ కాదు. కానీ వ్యాను అన్నయ్య ఆ కాగితం రెండుసార్లు చదివి, పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకుని, అరుగు మీద చతికిలబడ్డాడు. కాగితం టీచరమ్మ బ్యాగులోకి వెళ్ళింది. దాన్ని సున్నా చేసే మాట ఎవరి దగ్గరా లేదు.

జీరో అక్క పైపు తీసుకుంది. "కళ్ళు మూసుకుంటావా అన్నయ్యా?"

ఆయన అడ్డంగా తలూపాడు.

"జీరో చూసుకోండి."

గోడ మీది అంకెలన్నీ జారి మిషనులోకి వచ్చేశాయి. బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. వ్యాను అన్నయ్య చాలాసేపు ఆ సున్నా వైపే చూశాడు. నలభై రోజులు మోసిన కోపం పోయాక, దాని కింద ఏముందో ఆయనకి అప్పుడు కనబడింది. లేచి వచ్చి చెల్లెలి చేతిలోంచి పైపు తీసి మిషనుకి తగిలించాడు.

"పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు. ఏమైనా తిన్నావా?"

ఆవిడ లేదంది.

"పద, మీ వదిన వండి పెట్టింది," అన్నాడాయన. "పాత బండ్లాయనకి ఫోను చేసి, రావద్దని చెప్పి తిందాం."

జీరో అక్క టోపీ తీసి, తినొస్తానని మేనేజరు చేతిలో పెట్టి, ఏడుస్తూనే వెళ్ళి వ్యాను ముందు సీట్లో కూర్చుంది.