మెట్ల కింద యంత్రం

పది రోజుల శిక్షణ ముగించుకుని ఇంటికొచ్చి వంటింట్లోకి వెళ్తే సింకు ఖాళీగా ఉంది. నాకు అక్కడే అనుమానమొచ్చింది. కుక్కర్ రబ్బరు కూడా కడిగి మేకుకి తగిలించారు. "బయటినుంచి తెప్పించుకుని తిన్నాం. అమ్మ మంచం దిగలేదు," అన్నాడు మా ఆయన, నేనేమీ అడక్కముందే. కుక్కర్‌కి రబ్బరొకటి ఉంటుందని పదకొండేళ్ళ కాపురంలో ఆయన గమనించిన పాపాన పోలేదు. పైగా, "ఏడాదిపాటు వెళ్ళాల్సిన ఆ పోస్టింగు ఒప్పేసుకో. నువ్వు లేకపోయినా ఇల్లు నడుస్తుంది," అని ఓ సలహా. నిన్నమొన్నటిదాకా "అమ్మనెవరు చూస్తారు?" అన్న మనిషికి ఇంత ఉదారబుద్ధి ఎక్కడ పుట్టుకొచ్చింది? ఎవరో ఆడమనిషి వచ్చిపోతోందనుకున్నాను.

మేమిద్దరం పనిచేసేది భూకంపాల పరిశోధనశాలలో. ఆయన శాస్త్రవేత్త. యంత్రాలు గీసిన గీతల్ని చదివే సహాయకురాలిని నేను. పోస్టింగు సముద్రం అంచున, ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దూరిపోయే చోట. ఏడాదికి నాలుగు వేళ్ళ మందం జరుగుతుంది, అంతే. ఎక్కడైనా పట్టేసిందంటే మాత్రం వందేళ్ళ బిగువు ఒక్క నిమిషంలో తెగుతుంది. తెగే ముందు ఏ చిన్న కదలికైనా కనబడుతుందేమో చూడాలని ఆరేళ్ళుగా దరఖాస్తులు పెట్టుకుంటూనే ఉన్నాను. తీరా వస్తే, వెళ్ళమని మొగుడే తొందరపెడుతున్నాడు.

నేను లేనప్పుడు ఎక్కడో సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది. మా ఇంట్లో వంటింటి పక్కనే మెట్ల కింద ఆయన పెట్టుకున్న, నేల అదుర్లు గీసే చిన్న యంత్రం కూడా దాన్ని పట్టుకుంది. "ఇంటి చప్పుళ్ళు తీసేసి శుభ్రం చేసివ్వు," అని పది రోజుల రికార్డూ నా మీదే పడేశాడు. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటే ఇదే.

భూమి లోపలికి వెళ్ళి చూసొచ్చినవాళ్ళు లేరు. మధ్యలో కరిగిన ఇనుముందని కనిపెట్టింది కూడా ఇలా అనుమానించే. ఒక రకం అలలు అవతలి వైపుకి చేరడం లేదు, ఎందుకు చేరడం లేదని ఎవరో పట్టుబట్టారు. రానిదాన్ని కూడా పట్టించుకోవాలని నాకు నేర్పింది ఈ ఉద్యోగమే. మా ఆయన మడమలు గట్టిగా మోపి నడుస్తాడు. ఆ అడుగులు పది రోజుల్లో ఒక్కసారి కూడా వంటింటి వైపు రాలేదు.

కానీ రోజూ పొద్దున ఐదూ పదికి ఇంకెవరో నడిచారు. తేలికైన మనిషి. ఆడదే, అనుకున్నాను పళ్ళు కొరుకుతూ. అంతకుముందు వీధి తలుపు తెరిచిన జాడ లేదు. అంటే ఇక్కడే ఉంటోందా? గీతని పెద్దది చేసి చూశాను. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా. నాలుగడుగులకోసారి, గోడ పట్టుకుని నిలబడినంతసేపు, ఆగడం. మధ్యాహ్నం దాకా అదే నడక.

అత్తయ్య.

"కోడలు కాలు పెట్టగానే మా అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి," అని స్నేహితుల దగ్గర ఎన్నిసార్లు నవ్వానో. ఆ నొప్పి ఇప్పుడు అడుగడుగునా నా కళ్ళ ముందుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"వంటంతా మీరే చేశారా?" అన్నాను ఆవిడ గదిలోకెళ్ళి.

ఆవిడ దుప్పటి సర్దుకుంది. "వాడు చెప్పేశాడా? చెప్పొద్దన్నానే. తెలిస్తే నువ్వు ఆ ఊరు వెళ్ళవని."

"ఆయన వద్దనలేదా?"

"వాడికేం తెలుసమ్మా? ఆకలేస్తుంది, కంచం ముందుకొస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. తెలియకపోవడమేమిటి? మంచం దిగలేదని నాతో అబద్ధమాడేంత తెలుసు.

"ఏడాదంతా ఇలాగేనా అత్తయ్యా?"

"ఎలాగో ఈడుస్తాలే. నువ్వు వెళ్ళు."

"మీరూ నాతో రండి."

"అక్కడ వంటెవరు చేస్తారు?"

"ఎవరికి ఆకలేస్తే వాళ్ళు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నా మాటలో ఏదో మోసముందనే అనుకున్నట్టుంది. దుప్పటి పక్కకి తోసి, "అక్కడ మెట్లు లేకుండా చూడు," అంది.

మర్నాడు ఆఫీసులో పోస్టింగు కాగితాల్లో, వెంట వచ్చే కుటుంబసభ్యులు అన్న చోట, అత్తయ్య పేరొక్కటే రాసి సంతకం పెట్టాను.