చావని కెప్టెన్‌కి మధ్యాహ్న భోజనం

ఊరంతా ద్రాహా అని పిలిచే పళ్ళ డాక్టరు ద్రాహోమీరా ఆ రోజు పొద్దున్నే, తాగిన కాఫీ ఇంకా కడుపులో వెచ్చగా ఉండగానే, చచ్చిపోయింది. పాత ఇటుకబట్టీ పక్క కందకంలోంచి తల ఎత్తిందో లేదో, ప్లాస్టిక్ గుండొకటి వచ్చి టోపీకి టప్పున తగిలింది. "తగిలింది!" అని అరిచి, జేబులోంచి ఎర్రగుడ్డ తీసి నెత్తిన వేసుకుని, చచ్చినవాళ్ళ కొట్టంవైపు నడిచింది.

ఆ ఆటలో మర్యాద అంతే. గుళ్ళకి రంగుండదు, ఒంటిమీద మచ్చ పడదు. తగిలిందో లేదో తగిలినవాడికి తప్ప ఇంకొకరికి తెలియదు. అందుకని తగిలినవాడే నోరు విప్పి చెప్పాలి. చెప్పి, కొట్టంలో అరగంట కూర్చుని, మళ్ళీ బతికి రావాలి.

ఏటా మే నెలలో చెక్ దేశపు మొరావియా కొండల్లోని ఆ ఊరివాళ్ళు పందొమ్మిది వందల నలభై అయిదు నాటి ప్రపంచ యుద్ధం చివరి రోజులను ఎయిర్‌సాఫ్ట్ అనే ఆట తుపాకులతో మళ్ళీ ఆడుకునేవారు. పారిపోయే జర్మన్ పటాలం ఒకవైపు, వాళ్ళమీద తిరగబడి అడవిలోంచి దిగే పార్టిజాన్ గెరిల్లా దళం ఒకవైపు. జర్మన్లుగా ఉండమంటే అందరూ మొహాలు తిప్పుకునేవారు. వ్రాతిస్లావ్ హుడెట్స్ ఒక్కడే ప్రతిసారీ కెప్టెన్‌గా ఉంటానని తనంత తానే ముందుకొచ్చేవాడు. జర్మన్లకి గుడారం, బల్ల, కుర్చీలు ఉంటాయి. దళంవాళ్ళు నేలమీద పడుకోవాలి. హుడెట్స్ నేలమీద కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాల్సిందే.

ఊళ్ళో ఆయనకి గచ్చుపలకల కొట్టు ఉంది. మనిషి మంచివాడే. కానీ ఆట మొదలైతే మాత్రం పట్టరాడు. ఆనాటి బట్టల్లో ఆనాటి కుట్టే ఉండాలి. ఒకడి ప్యాంటుకి గుండీల బదులు జిప్పు ఉందని ఇంటికి పంపేశాడు. ఇంకొకడి బూట్ల అడుగున రబ్బరు ఉందని అందరిముందూ కాలెత్తించి చూపించాడు. అంత పట్టింపు ఉన్న మనిషి ఒక్క విషయంలో మాత్రం ఏ నిబంధననూ లెక్కచేసేవాడు కాదు. ఆయనకి గుండు తగలదు. ఆట మొదలైన ఏడాది నుంచీ ఒక్కసారీ తగల్లేదు. పోయిన ఏడు ద్రాహా వాళ్ళ అన్నయ్య ఆల్బీన్ ఆయన వీపు వెనకే నిలబడి తుపాకీ మొత్తం ఖాళీచేస్తే, హుడెట్స్ తీరిగ్గా వెనక్కి తిరిగి, "వడగళ్ళా?" అని అడిగాడు.

ద్రాహా కొట్టంలోకి వెళ్ళేసరికి చచ్చినవాళ్ళు అప్పటికే ఒక పీపా బీరు తెరిచారు. ఒకాయన అకార్డియన్ వాయిస్తున్నాడు. ఇంకొకాయన ఇనుప జల్లెడ మీద సాసేజీలు కాలుస్తున్నాడు. ఆమె ఇంకా గ్లాసు అందుకోకముందే, దళ నాయకుడు ఆల్బీన్ నెత్తిన ఎర్రగుడ్డతో, ఆ గుడ్డకన్నా ఎర్రగా ఉన్న మొహంతో లోపలికొచ్చాడు.

"మళ్ళీ చావలేదే వాడు!" అన్నాడు చెల్లెలితో. "గుండెల మీద కొట్టాను. గుండు ఎగిరి వాడి టీ కప్పులో పడింది. చెంచాతో తీసి పారేసి తాగేశాడు!"

"అరవకన్నయ్యా, బీపీ పెరుగుతుంది."

"పెరగనీ! వచ్చే ఏడు నేను రాను. చేపలు పట్టుకుంటాను. చేప నయం, తగిలితే తగిలిందని ఒప్పుకుంటుంది."

ద్రాహాకి నవ్వొచ్చింది. హుడెట్స్ ఆమె దగ్గర పళ్ళు చూపించుకుంటాడు. అక్కడా ఇదే వరస. సూది గుచ్చినప్పుడు కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నా, "నొప్పిగా ఉందా?" అంటే, "లేదు డాక్టరమ్మా, కిటికీలోంచి ఎండ పడుతోంది" అంటాడు. బయట వాన కురుస్తున్నా అదే మాట. అది మోసం కాదనీ, ఓడిపోయానని చెప్పడానికి ఆయన గొంతుకి చేతకాదనీ ఆమెకి ఎప్పుడో తెలుసు. అలాగని ఊరుకోబుద్ధి మాత్రం కాలేదు.

"అన్నయ్యా, వాడి గుడారంలో మధ్యాహ్నం ఏం తింటారు?"

"డబ్బా మాంసం. ఆనాటి డబ్బా, ఆనాటి వాసన."

"సరే అయితే. భోజనాల వేళకి మనవాళ్ళని గుడారం వెనక పొదల్లో ఉంచు. నేను ఈల వేసేదాకా కదలొద్దు."

"నువ్వేం చేస్తావే?"

"వంట చేస్తాను."

ఆమె ముందు రదానా దగ్గరికి వెళ్ళింది. రదానా బళ్ళో లెక్కల టీచరు, ఆటకి న్యాయనిర్ణేత. మెడలో ఈల, చేతిలో గొడుగు, ఎవరిమీదా దయ లేని చూపు.

"బతికాక ఊరి ముసలమ్మగా రావచ్చా?" అని అడిగింది ద్రాహా.

"రావచ్చు. ముసలమ్మని ఎవరూ కాల్చకూడదు. నువ్వూ ఎవరినీ కాల్చకూడదు. తుపాకీ ఉండకూడదు, కత్తి ఉండకూడదు."

"గరిటె?"

"గరిటె ఉండొచ్చు."

"ఇంకో మాట. గుండు ఒంటికి తగిలితే చావే కదా? గోడకి కొట్టుకుని తిరిగొచ్చి తగిలినా?"

"ఎలా తగిలినా చావే" అని, రదానా కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఎందుకలా అడుగుతున్నావు?"

"ఊరికే, తెలుసుకుందామని."

ద్రాహా ఇల్లు బట్టీ దాటగానే ఉంది. పోయిన శరదృతువులో కోసి ఫ్రీజర్‌లో దాచిన ప్లమ్ పళ్ళు బయటికి తీసింది. ఆ ఊళ్ళో ప్లమ్ పండుని గింజతో సహా పిండిలో చుట్టి, నీళ్ళలో ఉడికించి, వెన్న, తెల్లజున్ను పొడి, పంచదార చల్లుకుని తింటారు. ఆమె ఒక్కొక్క పండునీ చీల్చి, గింజ తీసి, ఆ చోట ఒక్కొక్క తెల్లటి ప్లాస్టిక్ గుండు పెట్టింది. డాక్టరు కాబట్టి కొత్త పొట్లంలోంచి తీసిన గుళ్ళను సబ్బుతో కడిగి, మరిగే నీళ్ళలో ముంచి తీసింది. పిండి చుట్టి, ఉండలు చేస్తూ తనలో తానే నవ్వుకుంది. పక్కింటావిడ గోడమీంచి, "ఏంటమ్మా, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?" అంటే, "యుద్ధం కదండీ" అని చెప్పింది.

తలకి రుమాలు కట్టుకుని, నడుముకి తెల్లగుడ్డ చుట్టుకుని, పెద్ద గిన్నెని చిన్న చెక్కబండి మీద లాక్కుంటూ జర్మన్ గుడారానికి చేరుకుంది. కాపలా ఉన్నది హీనెక్. బస్సు డ్రైవరు. వెన్న వాసన తగలగానే తుపాకీ దానంతటదే కిందికి వాలింది.

"ఎవరది?" అని లోపల్నుంచి హుడెట్స్ గర్జించాడు.

"ఊరి ముసలమ్మండీ, కెప్టెన్‌గారూ!" అన్నాడు హీనెక్. "భోజనం తెచ్చింది."

హుడెట్స్ బయటికొచ్చి ఆమెని కిందనుంచి మీదిదాకా చూశాడు. ముందు రుమాలు కుట్టు చూశాడు. ఏ వంకా దొరకలేదు.

"డాక్టరమ్మా, పొద్దున నువ్వు దళంలో లేవూ?"

"పొద్దున చచ్చిపోయాను కదయ్యా. దళంలో ఉన్నది వేరే మనిషి. పాపం, చిన్న వయసు."

"గిన్నెలో ఏముంది?"

"ప్లమ్ ఉండలు. కుర్రాళ్ళు డబ్బా మాంసం తిని చిక్కిపోతున్నారని ప్రాణం ఒప్పక తెచ్చాను."

హీనెక్ గరిటెతో గిన్నె అడుగుదాకా కెలికి చూశాడు. తుపాకీ దొరకలేదు. హుడెట్స్ మీసం దువ్వుకున్నాడు. ప్లమ్ ఉండలంటే ఆయనకి ప్రాణమని ఊరంతటికీ తెలుసు. "ఆనాడు కూడా సైనికులకి ఊరివాళ్ళు తిండి పెట్టేవాళ్ళు" అని, చరిత్రకి తగినట్టే ఉందని తేల్చి, అందరినీ బల్ల దగ్గరికి పిలిచాడు. టెలిఫోను చేసి వంతెన దగ్గరా బట్టీ దగ్గరా ఉన్న కాపలావాళ్ళని కూడా రమ్మన్నాడు. కళ్ళకి పెట్టుకున్న రక్షణ అద్దాలు తీయకుండానే అందరూ పళ్ళాలు పట్టుకున్నారు.

"మెల్లగా కొరకండి నాయనా, లోపల గట్టిగా ఉంటుంది. పళ్ళు జాగ్రత్త" అంది ద్రాహా. అది మాత్రం మనస్ఫూర్తిగానే చెప్పింది.

మొదట హీనెక్ దవడ ఆగింది. నాలుకతో దాన్ని ముందుకి తెచ్చి, వేళ్ళతో తీసి, వెలుతురుకి పట్టి చూశాడు. తెల్లగా, గుండ్రంగా ఉంది. ఒకసారి గుండువైపు చూశాడు, ఒకసారి ద్రాహావైపు చూశాడు. ఆమె తలవంచుకుని తెల్లగుడ్డ అంచు సర్దుకుంటోంది. హీనెక్ భుజాలు కదలడం మొదలెట్టాయి. చెంచా పట్టుకున్న చెయ్యి పైకెత్తి, "తగిలింది!" అని అరిచాడు.

"ఏం తగిలిందిరా? గింజ తగిలింది!" అన్నాడు హుడెట్స్.

"గింజ తెల్లగా ఉంటుందా, కెప్టెన్‌గారూ?"

"తగిలింది!" అన్నాడు ఇంకొకడు పక్కనుంచి. "నాకూ తగిలింది!" అన్నాడు వంతెన కాపలావాడు. మరొకడు నోరు నిండుగా ఉండి మాట రాక చెయ్యి మాత్రం ఎత్తాడు. ఇంకొకడు రెండుసార్లు తగిలిందన్నాడు, రెండు ఉండలు నోట్లో పెట్టుకున్నాడు కాబట్టి.

గోల విని రదానా వచ్చింది. జరిగింది విని, గిన్నెలోంచి తనూ ఒక ఉండ తీసుకుని, జాగ్రత్తగా కొరికి, గుండుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది దొంగదెబ్బ!" అన్నాడు హుడెట్స్. "తుపాకీ ఏది?"

"నిబంధనలో తుపాకీ మాట లేదు. గుండు ఒంటికి తగలాలని ఉంది. నోరు ఒంట్లోదేగా!" అంది రదానా. "అయితే తగిలిందా లేదా అన్నది మాత్రం ఎవరికి వారే చెప్పాలి. కెప్టెన్, నీ సంగతేంటి?"

అందరూ ఆయనవైపు తిరిగారు. హుడెట్స్ ఎడమ బుగ్గ కాస్త ఉబ్బి ఉంది. గొంతు ఒక్కసారి పైకి లేచి కిందికి దిగింది. బుగ్గ మామూలైపోయింది.

"నా దాంట్లో ఏమీ లేదు" అన్నాడు.

"మింగేశారు!" అంది ద్రాహా.

"పండు మింగాను."

"పర్లేదు, రేపో ఎల్లుండో బయటికొస్తుంది. అప్పుడైనా ఒప్పుకుంటారా?"

చచ్చినవాళ్ళు బల్ల పట్టుకుని మరీ నవ్వారు. తరవాత మర్యాదగా ఎర్రగుడ్డలు నెత్తిన వేసుకుని, మిగిలిన ఉండల గిన్నె కూడా ఎత్తుకుని, వరసగా కొట్టంవైపు వెళ్ళిపోయారు. గుడారంలో హుడెట్స్ మిగిలాడు. ద్రాహా బండి సర్దుకుంటోంది. రదానా గొడుగు చంకలో పెట్టుకుని పక్కన నిలబడింది.

హుడెట్స్ టెలిఫోను తిప్పాడు. వంతెన దగ్గర ఎత్తేవాళ్ళు లేరు. బట్టీకి తిప్పాడు. అక్కడివాళ్ళూ భోజనానికి వచ్చి చచ్చారు. ఫోను పెట్టేసి, బల్లమీద పరిచిన మ్యాపులో లేని మడత ఒకటి సవరించాడు. ఇంతలో కొట్టంవైపునుంచి అకార్డియన్ వినిపించింది. దాని వెనకే ఒక పెద్ద నవ్వు. దాన్నంటుకుని ఇంకో నవ్వు.

"అక్కడేం చేస్తున్నారు?" అని అడిగాడు, ద్రాహావైపు చూడకుండా.

"ఎవరు?"

"చచ్చినవాళ్ళు."

"బీరు తాగుతున్నారు. సాసేజీలు కాలుస్తున్నారు. ఎవరెలా చచ్చారో చెప్పుకుంటున్నారు."

"ఎప్పుడూ ఇంతేనా?"

"ప్రతి ఏడూ ఇంతే. కొందరు దానికోసమే పొద్దున్నే వచ్చి చస్తారు. మీకు తెలియదులెండి."

హుడెట్స్ కొట్టంవైపే చూస్తూ ఉండిపోయాడు. అంతవరకూ తమాషాగా ఉన్న ద్రాహా బండి సర్దడం ఆపింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి గుడారంలో ఒక్కడే, నిటారుగా కూర్చుని, ఆ పాట దూరంనుంచి వింటూనే ఉన్నాడు కదా అనుకుంది. ఆ ఆలోచనలో పడి ఈల వెయ్యడం మరిచిపోయింది.

పొదల్లో ఆల్బీన్‌కి ఓపిక చచ్చింది. ఈల వినపడకపోయినా దళాన్ని లేపి, తనే ముందు పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే కాలు గుడారం తాటికి తగిలి తూలాడు. తుపాకీ పేలింది. గుళ్ళన్నీ గుడారం కప్పుకి తగిలి చిటచిటమని దూరంగా గడ్డిలో రాలాయి.

"తగిలింది!" అని అరిచాడు హుడెట్స్. రెండు చేతులూ పైకెత్తాడు.

ఆల్బీన్ తల ఎత్తి గుడారం కప్పువైపు చూశాడు. "తగల్లేదు!"

"తగిలింది."

"ఎలా తగులుతుందయ్యా? నేనింకా గురే చూడలేదు! కప్పుకి తగిలింది!"

"నా ఒంటి సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?"

"రదానా! వీడు అబద్ధమాడుతున్నాడు! వీడు చావలేదు! నేను సరిగ్గా చంపుతాను, ఇంకోసారి కాలుస్తాను!"

"చచ్చినవాణ్ణి కాల్చకూడదు" అంది రదానా. "తగిలినవాడి మాటే మాట. కెప్టెన్ చచ్చాడు."

హుడెట్స్ జేబులు తడుముకున్నాడు. ఎర్రగుడ్డ ఆయన దగ్గర ఎన్నడూ లేదు. ద్రాహా తన తల రుమాలు విప్పి ఇచ్చింది. దానిమీద చిన్న చిన్న నీలం పువ్వులున్నాయి. ఆయన దాన్ని కుట్టు కూడా చూడకుండా టోపీమీద పరుచుకుని, కోటు సర్దుకుని, కొంచెం తొందరగానే కొట్టందాకా నడిచాడు. ద్రాహా కూడా వెనకే వెళ్ళింది. గుమ్మంలో మాత్రం ఎటు వెళ్ళాలో తెలియక ఆగిపోయాడు. హీనెక్ పక్కకి జరిగి గడ్డిమోపు మీద చోటిచ్చాడు. ఒకరు గ్లాసు అందించారు.

"చెప్పండి కెప్టెన్‌గారూ, ఎలా పోయారు?"

హుడెట్స్ మొదట, "ఏముంది, ఒక గుండు తగిలింది" అన్నాడు. బీరు సగమయ్యేసరికి అది ఛాతీలో తగిలింది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి మూడు గుళ్ళయ్యాయి. రెండో గ్లాసుకి, ఆల్బీన్ పొగలోంచి పులిలా దూకాడు, కళ్ళలోకి కళ్ళుపెట్టి చూశాడు, తను పిస్తోలు తీసేలోపే కాల్చాడు.

సరిగ్గా ఆ మాటకే ఆల్బీన్ ఎర్రగుడ్డతో లోపలికొచ్చాడు. గుడారం గెలిచిన ఆనందంలో వెనక చూసుకోక, మళ్ళీ బతికి వచ్చిన జర్మన్ ఒకడి చేతిలో పోయాడు. చెల్లెలిమీద అరవడానికి నోరు తెరిచాడు. లోపల అందరూ తననే చూస్తున్నారు. హుడెట్స్ చెయ్యి చాచి, "ఇదిగో, ఈయనే! అంత చురుకైన మనిషిని నేనెక్కడా చూడలేదు" అన్నాడు.

ఆల్బీన్ తెరిచిన నోరు మూశాడు. మొహంలో ఎరుపు మెల్లగా దిగింది. ద్రాహా పక్కన కూర్చుని, గిన్నెలో అడుగున మిగిలిన ఉండొకటి తీసుకుని, ఆమెకి మాత్రమే వినిపించేలా, "పులిలా అన్నాడా?" అని అడిగాడు.

"పులిలానే అన్నాడు. మెల్లగా కొరుకు" అంది ద్రాహా.