గోడలో లేని నీళ్లు

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ కాళ్లు కాస్త ముడుచుకోండి, వెనకవాళ్లకి చోటుంటుంది. ఇది ఏడ్చి ఏడ్చి ఒక గోడ పగలగొట్టించిన ఆడమనిషి కథ. నవ్వొస్తే నవ్వండి, ఆవిడేమీ అనుకోదు. అందరికంటే ముందు నవ్వింది ఆవిడే.

ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. అక్కడ ఉతికేవి యంత్రాలు, ఆరబెట్టేవి యంత్రాలు, మడతపెట్టేది మాత్రం మనుషులు. ముప్ఫై ఏళ్లుగా అదే పని కాబట్టి అందరూ మడతలమ్మ అనేవారు. చేతులతో పాటు నోరూ గట్టిదే. ఎవరైనా వచ్చి గుండె బరువుగా ఉందంటే చాలు, "ముఖం కడుక్కో, గ్లాసుడు నీళ్లు తాగు, నాలుగడుగులు నడువు. రాయిలా ఉన్నావు, నీకేం రోగమే!" అని వీపు మీద ఒక్కటి చరిచి పంపేసేది. అందరి కష్టాలకీ ఒకటే మందు. సీసా మీద చీటీ కూడా మార్చేది కాదు.

దుప్పటి మడత ఇద్దరి పని. చెరో రెండు కొసలు పట్టుకుని, విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. ఒక్కో దుప్పటికి మూడుసార్లు ముఖాలు ఎదురుపడతాయి. మడతలమ్మకి ఎదురుగా పంతొమ్మిదేళ్లు నిలబడింది పొడుగు వదిన. చుట్టరికం ఏమీ లేదు, పిలుచుకోవడమే వదినా వదినా అని. దుప్పటి దుప్పటికీ ఒక ముక్క చెప్పుకునేవారు. వందో దుప్పటికి వీధి వీధంతా కడిగి ఆరేసినట్టయ్యేది. మధ్యాహ్నం మూడింటికి బట్టల గదిలో, బోర్లించిన బకెట్ల మీద కూర్చుని టీ తాగేవారు.

పొడుగు వదిన ఉద్యోగం అయిపోయింది. వేరే ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మడతలమ్మ ఆవిణ్ణి బండెక్కించి, చెయ్యూపి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది. నేనెంత గట్టిదాన్నో అని తన్ను తానే మెచ్చుకుంది కూడా.

వారం తిరగలేదు. తల సగం దువ్వి మిగతా సగం మర్చిపోవడం మొదలైంది. అన్నం చప్పగా ఉండేది, ఉప్పు వేసుకుంటే ఉప్పగా ఉండేది. టీవీ పెట్టుకుని పక్కనున్న గోడని చూసేది.

"కళ్లేమిటే అలా ఉన్నాయి?" అన్నాడు మొగుడు.

"సబ్బు పడింది."

"ముప్ఫై ఏళ్ల నుంచి సబ్బులోనే ఉన్నావు. ఇప్పుడే మండిందా?"

"ఇది కొత్త సబ్బులే, వదిలెయ్యి" అని లేచిపోయింది.

అసలు సంగతి, రోజూ మూడయ్యేసరికి ఏడుపొచ్చేది. ఫ్యాక్టరీ కూత పెట్టినట్టు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. బట్టల గదిలోకి వెళ్లి ఆ బకెట్ మీదే కూర్చుని ఏడ్చేది. ఏడుస్తూనే తనని తానే తిట్టుకునేది. 'సిగ్గులేదటే నీకు? ఎవరు పోయారని? మొగుడున్నాడు, జీతమొస్తోంది, మోకాళ్లు కూడా పర్వాలేదు. ఊరు మారిన మనిషి కోసం ఈ ఏడుపేమిటే?' తిట్లయ్యాక తన మందు తానే వేసుకునేది. ముఖం కడుక్కునేది, నీళ్లు తాగేది, గదిలోనే నాలుగడుగులు నడిచేది. మర్నాడు మూడింటికి మళ్లీ మామూలే. ముఖం తుడుచుకున్న తువ్వాలుని కింద అరలో గోడవారగా కుక్కేది, తర్వాత ఉతుకులో వెయ్యొచ్చులే అని. వేస్తేనా!

పొడుగు వదిన స్థానంలో ఇంకో మనిషి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, మాట తక్కువ. నెల రోజులు చూసి ఉంచాలో పంపాలో తేలుస్తామన్నారు. మడతలమ్మ ఆవిడతో కలవలేదు. "పొట్టిదానివి, నీతో కొసలు కుదరవు" అని కిటికీ ఊచకి క్లిప్పులు పెట్టి, దుప్పట్లు ఒక్కతే మడతపెట్టుకునేది. ఊచ ఎదురు నడిచి రాదు కదా, అన్ని నడకలూ తనే నడిచేది. కొత్తావిడ తువ్వాళ్లు మడతపెట్టుకుంటూ పక్కనే ఉండేది.

ఇదిలా ఉండగా సూపర్‌వైజర్ కంట్లో ఆ తడి పడింది. పదిసార్లు చూసినా అదే అర, అదే మూల, తడి తువ్వాలు. గోడ మీద సుద్దతో గుండ్రంగా గీసి ప్లంబర్ని పిలిపించాడు. ప్లంబర్ గోడకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, డాక్టర్ లాగా తల పంకించాడు.

"లోపల పైపు కుళ్లింది సార్. నీళ్లు పారుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినబడుతోంది."

"సరే, కొట్టు. నీళ్లు లేకపోతే మాత్రం తప్పు ఈవిడదే" అని సూపర్‌వైజర్ కొత్తావిడ వైపు చూశాడు. "ఆరని తువ్వాళ్లు సర్దుతోందన్నమాట. అదే అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

మడతలమ్మ, దేవుడా, ఆ గోడలో ఒక్క చుక్క పుట్టించు అని దండం పెట్టుకుంది. సుత్తి పడింది. ఇటుక పొడి రాలింది. మూరెడు గొయ్యి పడింది. లోపల ఎండిపోయిన ఇటుక, దాని వెనక ఇంకో ఎండిపోయిన ఇటుక. అందరూ కొత్తావిడని చూశారు. ఆవిడ తల వంచుకుని నిలబడింది తప్ప నోరు విప్పలేదు.

"ఆపండి. ఆ నీళ్లు నావి" అంది మడతలమ్మ.

"నీవేమిటి?" అన్నాడు సూపర్‌వైజర్.

"నా కళ్లల్లోవి సార్."

ప్లంబర్ సుత్తి కింద పెట్టాడు. "రోజూనా అమ్మా?"

"రోజూ మూడింటికి. ఆదివారం సెలవు."

సూపర్‌వైజర్ గొంతు తగ్గింది. "ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు సార్. అదే కదా నా సిగ్గు! పోయుంటే దర్జాగా అందరి ముందూ ఏడుద్దును." అని నవ్వబోయింది. నవ్వు సగంలో తెగి, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి నలుగురి ముందు ఏడ్చేసింది.

కొత్తావిడ వచ్చి భుజం పట్టుకుంది. అప్పుడు పక్కవాళ్లు చెబితే తెలిసింది. ఇన్నాళ్లూ మూడింటికి ఆ తలుపు ముందు నిలబడి, ఎవరొచ్చినా "లోపల దుప్పట్లు లెక్కపెడుతున్నారు, తర్వాత రండి" అని తిప్పి పంపింది ఆవిడేనట.

"అంతా తెలిసీ నోరెత్తవేమే? పని పోయేది కదే!"

"అది మీరు చెప్పుకోవాల్సిన మాట అక్కా. నేనెలా చెప్తాను?"

సూపర్‌వైజర్ కసురుతాడనుకుంది మడతలమ్మ. ఆయన సుద్ద దులుపుకుని, "రెండో అంతస్తులో మనసు డాక్టరమ్మ ఉంది. నేనూ కొన్నాళ్లు వెళ్లాను" అన్నాడు నెమ్మదిగా, ప్లంబర్ వినకుండా. ప్లంబర్ విన్నాడు. ఆ చెవులకి లేని చప్పుళ్లే వినబడతాయి, ఉన్నవి వినబడవా!

డాక్టరమ్మ గది కర్టెన్లు మడతలమ్మ ఏళ్ల తరబడి మడతపెట్టింది కానీ, ఆ గడప దాటడం అదే మొదటిసారి. డాక్టరమ్మ అంతా విని, పంతొమ్మిదేళ్ల తోడు ఊరు మారినా బెంగ బెంగేనంది, ఏడవడానికి ఎవరో పోయి ఉండక్కర్లేదంది. వేళకి తినమంది, నడవమంది, మూడింటి టీ ఒంటరిగా తాగొద్దంది. 'ఓస్, ఇవన్నీ నేను ఊరందరికీ చెప్పినవే కదా' అనుకుంది మడతలమ్మ. లేచి వస్తుంటే డాక్టరమ్మ, "రెండు వారాల తర్వాత మళ్లీ రండి. తగ్గకపోయినా రండి" అంది. అక్కడ ఆగిపోయింది మన మనిషి. అంతమంది వీపులు చరిచింది కానీ, మళ్లీ రా అని ఎవరికీ చెప్పలేదు తను.

కిందికొచ్చి ఊచకున్న క్లిప్పులు తీసేసింది. దుప్పటి విదిలించి రెండు కొసలు చాచింది.

"పట్టుకో వదినా" అంది.

కొత్తావిడ పట్టుకుంది. కొసలు జానెడు తేడాతో కలిశాయి. పొట్టిది కదా మరి!

ఏడుపు ఒక్కరోజులో ఆగలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, కాకపోతే సొంత చేతిరుమాలు తెచ్చుకుంటుంది. ఆదివారాలు పొడుగు వదినకి ఫోన్ చేస్తుంది. అవతల ఆవిడ కూతురింట్లో దుప్పట్లు కుర్చీకి కట్టి మడతపెడుతోందట. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుని నవ్వుకున్నారు.

ఈ కథ గుర్తుపెట్టుకోండి. మీ దగ్గర ఎవరైనా కంట్లో సబ్బు పడిందంటే కూర్చోబెట్టి చెప్పండి. ప్లంబర్ చెవి ఆనించిన ముక్క మాత్రం వదలకండి, అక్కడ తప్పకుండా నవ్వుతారు. నవ్వాక, మళ్లీ రమ్మని చెప్పడం మర్చిపోకండి.