ఎడమ అంచున నిలబడే మనిషి

పొద్దున్నే స్టూడియో అక్క చేసే మొదటి పని లెన్సు తుడవడం కాదు, తమ్ముడి కోటుకి బ్రష్షు కొట్టడం. ముదురు నీలం కోటు. ఎవరి పెళ్లి బట్టల పక్కనైనా ఇట్టే కలిసిపోతుంది, ఎవరి కంటా పడదు. ఆ రంగు కోసం ఆవిడ ఒకప్పుడు మూడు బజార్లు తిరిగింది. కోటు దులిపాక బ్యాటరీలు సర్దుకుని, ఆ రోజు పెళ్లివారి జాబితా చూసుకుంటుంది. గ్రూపులెన్ని, ఎవరెవరికి మాటల్లేవు, ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టకూడదు. కెమెరా నొక్కడం ఎవరైనా నేర్చుకుంటారు. ముప్ఫైమంది చుట్టాలను మూడు వరుసల్లో, ఎవరి మనసూ నొచ్చుకోకుండా నిలబెట్టడం మాత్రం పెద్ద విద్య. పొట్టివాళ్లు ముందుకు రండి అన్నందుకు భోజనం చేయకుండా వెళ్లిపోయిన మేనమామ ఒకాయన ఉన్నాడు. ఆయన ఇప్పటికీ ఆ ఇంటి గడప తొక్కడు.

తమ్ముడి పని ఒక్కటే. ప్రతి గ్రూపులోనూ ఎడమ చివర నిలబడతాడు.

ఆ స్టూడియో ఫోటోల్లో, చూసేవాళ్లకు ఎడమవైపు చివర ఎవరుంటే వాళ్లు ఆ ఫోటోలోని మిగతా అందరికంటే ముందు కన్నుమూస్తారు. వాళ్ల నాన్న హయాం నుంచీ అంతే. ఊళ్లో అందరికీ తెలుసు. అలాగని వేరే స్టూడియోకి పోరు, అక్కడ మొహాలు బాగా రావని. మొదట్లో ఆ చివర పూలకుండీ పెట్టి చూశారు, ఖాళీ కుర్చీ వేసి చూశారు. లాభం లేకపోయింది, మనిషే కావాలి. ఆ కుటుంబానికి ఏమీ కాని మనిషి నిలబడితే మాత్రం ఎవరికీ ఏమీ కాదని తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ తమ్ముడు నిలబడుతున్నాడు.

ఊరంతా అతన్ని అంచు బాబాయి అంటారు. రెండువేల ఆల్బమ్‌లలో ఉన్నాడు. పిల్లలు ఎవరో దూరపు చుట్టమనుకుంటూ పెరుగుతారు. ఒక ఇంట్లో అయితే ఆయనవి అచ్చం పెద్ద కోడలి పోలికలని తేల్చారు కూడా. ఆయన లేని పెళ్లి లేదు, ఆయనకే పెళ్లి లేదు అని హాల్లో వంటవాళ్లు ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. పెళ్లంటూ చేసుకుంటే ఒక ఇంటికి చుట్టమవుతాడు. అలా నలభై ఏడేళ్లు వచ్చాయి.

కోటు చంకలో చిరిగితే కుట్టించడానికి ఒక కుట్టుపనావిడ దగ్గరికి వెళ్లాడు. తర్వాత చిరగకపోయినా వెళ్లడం మొదలుపెట్టాడు. ఆవిడ భర్త పోయి పదకొండేళ్లయింది, పిల్లల్లేరు. మంచాన పడిన అమ్మమ్మను పెట్టుకుని రెండు గదుల ఇంట్లో ఉంటోంది. తమ్ముడు ఆ విషయం అక్కకు చెప్పడానికి నెల రోజులు పట్టింది. చెప్పేటప్పుడు కూడా గోడవైపు చూసి చెప్పాడు. ఇన్నాళ్లూ పక్కన నిలబడ్డది చాలురా, ఇక మధ్యలో నిలబడు అంది అక్క. శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలని అనుకున్నారు.

మంగళవారం మధ్యాహ్నం అక్కకు ఒక ఆలోచన వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట కుట్టుపనావిడ చెల్లెలి పెళ్లికి తనే ఫోటోలు తీసింది. వీళ్లిద్దరూ కలిసి ఉన్న గ్రూపు ఒకటి దొరికితే పెద్దది చేయించి ఇవ్వవచ్చు. పాత డిస్కులు వెతికి కంప్యూటర్లో తెరిచింది. ఐదుగురే ఉన్న ఫోటో. మధ్యలో చెల్లెలూ ఆమె భర్తా, కుడివైపు కుర్చీలో అమ్మమ్మ, ఎడమవైపు కుట్టుపనావిడ, ఆ పక్కన అంచున తమ్ముడు. అతని కోటు చెయ్యి ఆవిడ చేతిని తగిలీ తగలనట్టుంది. చూశావా దొంగ, అప్పుడే మొదలెట్టాడు అనుకుని నవ్వుకుంది.

నవ్వు మొహం మీద అలాగే ఉండగానే శుక్రవారం గుర్తొచ్చింది.

శుక్రవారం సంతకం పెట్టిన మరుక్షణం తమ్ముడు ఆ ఇంటి అల్లుడు. ఆ ఫోటోలో ఇక పరాయివాడు కాడు. ఐదుగురూ బతికే ఉన్నారు. అందరికంటే ముందు అంచున ఉన్నవాడు పోవాలి. కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ రెండు నెలలుగా మంచం దిగలేదు. ఇక మందులు దండగ, వారమో పది రోజులో అని డాక్టరు మొన్ననే చెప్పి వెళ్లాడు. ఆ ముసలావిడ కంటే ముందు.

అక్క కుర్చీలోంచి లేవలేదు. దారులన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. తమ్ముడికి అవతల ఇంకో మనిషిని అతికిస్తే? కంప్యూటర్లో అతికించినవాళ్లు లెక్కలోకి రారు, అది ఒకరు చేసి చూశారు. లెక్కంతా ఆ ఇంటి గోడమీద ఉన్న ఫోటోదే కాబట్టి దాన్ని తగలబెడితే? అదీ ఒకరు చేశారు. అందులో ఉన్న ఎనిమిదిమందీ ఒకే బస్సులో పోయారు. ఇక మిగిలింది కోయడం. ఫ్రేములు కట్టే ఆయన ఒకసారి ఫ్రేము చాలక ఎడమవైపు అంగుళం కోసేశాడు, పోయేది అంచు బాబాయి బొమ్మే కదా అని. పక్కనున్న ఆ ఇంటి పెద్దకొడుకు అంచయ్యాడు. ఆరు నెలలు గడవలేదు. ఫ్రేములాయన ఈరోజుకీ ఆ వీధిలో నడవడు.

తమ్ముణ్ణి కోసేస్తే అంచున మిగిలేది కుట్టుపనావిడే.

అక్క చెప్పులేసుకుని బయల్దేరింది. ఈ పెళ్లి వద్దని చెప్పాలి. తమ్ముడికి కాదు, వాడు వినడు. ఆవిడకే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

కుట్టుపనావిడ మిషను ఆపకుండానే తలెత్తింది.

"రా వదినా. ఆ కుర్చీలో సూదులున్నాయి, చూసి కూర్చో."

అక్క కూర్చోలేదు. మిషను పైన గోడకు అదే ఫోటో, అదే ఫ్రేము. ఎడమవైపు మాత్రం అట్ట తెల్లగా కనిపిస్తోంది. ఫోటోలో నలుగురే ఉన్నారు. కోసిన గీత దారం పట్టి లాగినంత తిన్నగా ఉంది.

"ఎప్పుడు కోశావు?"

"ఆదివారం. గుడ్డ కోసే కత్తెరతోనే. కాగితం కోస్తే మొద్దుబారుతుందని దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను. నేనే కోశాను."

"వాడు చూశాడా?"

"చెమ్మ తగిలింది, చివర కోసేశానని చెప్పాను. నమ్మేశారు. మీ తమ్ముడితో అదే సుఖం."

అక్క ఇప్పుడే వెళ్లి ఇంకో ప్రింటు తీసుకొస్తానంది. తెస్తే శుక్రవారం నుంచి అంచున ఎవరుంటారని కుట్టుపనావిడ అడిగింది. అడిగి, దారం కొసను పళ్లతో తెంపింది.

పెళ్లి మానుకో అన్న మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చింది ఆ మాటకే. కుట్టుపనావిడ అది విన్నట్టే మాట్లాడింది.

"మానుకుందామనే అనుకున్నాను వదినా. వయసైపోయింది, ఇప్పుడెందుకు వద్దులెండి అని శనివారం ఆయనతో అన్నాను కూడా. కోటు విప్పి నా చేతిలో పెట్టి గుండీలు వదులయ్యాయి, బిగించమన్నారు. బిగుతుగానే ఉన్నాయి." గుడ్డ తిప్పి ఇంకో అంచు మిషను కింద పెట్టింది. "పదకొండేళ్లు ఒక్కదాన్నే మిగిలాను. అదెలా ఉంటుందో తెలిసి చెప్తున్నా, ఇంకోసారి నా వల్ల కాదు."

"మరి వాడు మిగలడా?"

"ఆయనకి నువ్వున్నావుగా."

తమ్ముడికి చెప్పేస్తానని అక్క అనవచ్చు. అంటే పెళ్లి ఆగుతుంది. కొత్త ప్రింటులో పరాయివాడు పరాయివాడుగా అంచున నిలబడి ఉంటాడు, ఎవరికీ ఏమీ కాదు. అక్క అనలేదు. తమ్ముడు ఆ గోడమీద లేడన్న సంగతి ఎండలో నడిచొచ్చిన మనిషి గొంతులో నీళ్లలా దిగుతోంది. అలా దిగుతోందని తెలిసి సిగ్గేసింది కూడా. అయినా అనలేదు.

లోపలిగదిలో అమ్మమ్మ దగ్గింది. కుట్టుపనావిడ ఒక్కసారిగా మిషను మీదినుంచి లేచింది. గుడ్డ జారి కిందపడినా చూసుకోలేదు.

శుక్రవారం తమ్ముడు నీలం కోటు కాకుండా కొత్త తెల్లచొక్కా వేసుకున్నాడు, కుట్టుపనావిడ కుట్టిందే. రిక్షా ఎక్కబోతూ ఆగి, అక్కా నువ్వు రాకపోతే ఫోటో ఎవరు తీస్తారని అడిగాడు. ఊళ్లో అందరి పెళ్లిళ్లకూ వెళ్లిన మనిషి తన పెళ్లికి రానంటే అతనికి అర్థం కాలేదు. ముసలావిడ దగ్గర ఒకరుండాలి కదరా, మీరు త్వరగా వెళ్లి రండి అంది. కుట్టుపనావిడ రిక్షాలోంచి వంగి, రెండు గంటలకోసారి పాలు పట్టించు వదినా, పట్టనంటే గడ్డం నిమురు, తాగుతుంది అని చెప్పింది. ఆవిడ నవ్వుతూనే ఉంది. కళ్లు మాత్రం లోపలిగది కిటికీ మీదున్నాయి.

అక్క పాలు గోరువెచ్చగా చేసి, చెంచా వేసుకుని మంచం పక్కన కూర్చుంది. అమ్మమ్మ పక్కబట్టల్లో చిన్నపిల్లంత ఉంది.

"ఎవరే అది?"

"ఫోటోలు తీసే అమ్మాయినమ్మమ్మా."

"ఈ మొహానికి ఇంకా ఫోటో ఏంటే?"

"ఫోటోకి కాదు. పాలు పట్టడానికొచ్చాను."

"దానికి తోడు నువ్వొకదానివా. ఆదివారం నుంచీ ఒకటే నస, తాగు తాగు అని. మనిషిని సుఖంగా పోనివ్వరు కదా."

అయినా నోరు తెరిచింది. మొదటి చెంచా దిగింది. రెండోది సగం దిగి సగం దవడమీద కారింది. అక్క కొంగుతో తుడిచి గడియారం చూసింది. ఈపాటికి సంతకాలు అయిపోయుంటాయి. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తమ్ముడు ఆవిడకు చెయ్యందించి మెట్లు దిగిస్తూ ఉంటాడు. మెట్ల కింద రోడ్డు. రోడ్డుమీద బస్సులు.

"ఇంకొక్కటమ్మమ్మా."

"చాలు."

గడ్డం నిమిరింది. ముసలావిడ పెదవులు బిగించి, తల నెమ్మదిగా గోడవైపు తిప్పుకుంది. ఊపిరి తీసుకుంది. వదలడానికి చాలాసేపు పట్టింది. మళ్లీ తీసుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"ఒక్క చెంచా. నీ మనవరాలు రోడ్డు దాటేదాకా" అంది అక్క.

కెమెరా పట్టి పట్టి స్థిరపడ్డ చెయ్యి, వణకలేదు. మూసిన పెదవుల దగ్గర చెంచా అలాగే ఆగి ఉంది.