బాత్రూమ్ ఒకడిది, తువ్వాలు ఇంకొకడిది

శ్యామ్‌సుందర్ ప్రాణానికి అక్షయ్ అనే రూమ్మేట్ చుట్టుకున్నది అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో. ఇద్దరూ ఎంఎస్ పూర్తి చేసి, 2009లో, ఆ మాంద్యంలో ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. నిజం చెప్పాలంటే వెతుకుతున్నది శ్యామ్ ఒక్కడే. నెలాఖరులోగా దొరక్కపోతే వీసా పోతుంది, పెట్టే బేడా సర్దుకోవాలి. అక్షయ్‌కి ఇంకా గడువుంది. అంతకన్నా ముఖ్యంగా, వాడికో లండన్ సీరియల్ ఉంది.

అందులో పనీపాటా లేని కుర్రాళ్లు ఒకే ఫ్లాట్‌లో ఉంటారు. ఫ్రిజ్‌లో పాలు అయిపోయినా గ్రహాంతరవాసుల దాడే అనుకుంటారు. అది చూసీ చూసీ అక్షయ్ వరంగల్ యాసకి లండన్ యాస పులిమేశాడు. అపార్ట్‌మెంట్‌ని ఫ్లాట్ అంటాడు, చెత్తని రబ్బిష్ అంటాడు. గిన్నెలు కడగరా అంటే, అవి వీడియో గేమ్‌లో చివరి రాక్షసుడి లాంటివి, అప్పుడే చంపొద్దంటాడు. శ్యామ్‌కి ఒళ్లు మండిపోయేది.

ఆ రోజు శ్యామ్ స్నానం చేసి వచ్చేసరికి అక్షయ్ శ్యామ్ ఫోన్ పట్టుకుని సోఫాలో వెలిగిపోతున్నాడు.

"హెర్న్‌డన్‌ల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది మేట్. ఇంటర్వ్యూ అయిపోయింది. నిన్ను రమ్మన్నరు."

"నేను లేకుండా ఇంటర్వ్యూ ఎలా అయిందిరా?"

"ఎవరో ఒకామె, శ్యామ్ ఉన్నాడా అనడిగింది. మనోళ్లు ఎవరో ఆటపట్టిస్తున్నరనుకొని, స్పీకింగ్ అన్న. లండన్ స్టైల్‌ల. ఆమె ప్రశ్నలు మొదలువెట్టింది. మధ్యల ఎట్ల ఆపాలె?"

"నీకేం తెలుసని చెప్పావు?"

"నువ్వు రోజూ హాల్లో బట్టీ కొడుతవ్ గద. వినీ వినీ అవే వచ్చేసినయ్."

శ్యామ్ తల పట్టుకున్నాడు. ఇంకెప్పుడూ తన ఫోన్ ముట్టుకోనని అక్షయ్ చేత ఒట్టు పెట్టించుకుని హెర్న్‌డన్ బస్సెక్కాడు. దారి పొడుగునా లండన్ యాస నోట్లో తిప్పి చూశాడు. సొంతూరు తెనాలి యాస అడ్డం పడుతూనే ఉంది.

ఆఫీసులో మేనేజర్ మైత్రి ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. రెండు మాటలు వినగానే కనుబొమలు ముడిచింది. "ఫోన్‌లో మీ యాక్సెంట్ వేరే ఉంది కదా?"

అబద్ధం ఆడదామనుకున్నాడు. నోరు రాలేదు. "ఫోన్‌లో మాట్లాడింది నేను కాదండీ. మా రూమ్మేట్. వాడికి సీరియల్ పిచ్చి." చెప్పేసి, ఇక అయిపోయిందని లేచాడు. అక్షయ్ మీద ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

"కూర్చోండి. ఇంత దూరం వచ్చారు. ప్రోగ్రామింగ్‌లో డెడ్‌లాక్ అంటే ఏంటి?"

"మా ఇల్లేనండీ," అన్నాడు శ్యామ్ కసిగా. "బాత్రూమ్‌లో ఒకడు, బయట తువ్వాలుతో ఒకడు. తువ్వాలిస్తేనే బయటికొస్తానంటాడు వాడు. బయటికొస్తేనే ఇస్తానంటాడు వీడు. ఇద్దరూ అలాగే ఉండిపోతారు."

మైత్రి పకపకా నవ్వింది. "ఫోన్‌లో కూడా సేమ్ ఇదే చెప్పాడు!"

"వాడిది యాస ఒక్కటేనండీ. పాఠం నాది."

ఇంకా చాలా అడిగి, ఫోన్ చేస్తాను అంది.

ఆ ఫోన్ కోసం శ్యామ్ తిండి మానేసి కూర్చున్నాడు. చివరికి అది మోగింది, వాడు తలకి షాంపూ పెట్టుకున్నాక.

"ఒరేయ్, ఫోన్ ఎత్తరా!" బాత్రూమ్‌లోంచి అరిచాడు.

"ముట్టనని ఒట్టేసిన గద మేట్," హాల్లోంచి ప్రశాంతంగా జవాబు.

"అయితే సోఫా మీద తువ్వాలన్నా ఇవ్వరా!"

"ఫోన్ దాని మీదనే ఉన్నది. తువ్వాలు తీస్తే ఫోన్ ముట్టినట్టే."

శ్యామ్ షవర్ కర్టెన్ ఊడబీకి ఒంటికి చుట్టుకుని, నీళ్లు కారుకుంటూ హాల్లోకి ఉరికాడు. "హలో!"

"ఇది మీరా, రూమ్మేటా?" అంది మైత్రి.

"నేనేనండీ!"

"ప్రూఫ్ కావాలి. డెడ్‌లాక్ అంటే ఏంటి?"

కళ్లలో నురగ మండుతుంటే శ్యామ్ సోఫా మీద తువ్వాలుని, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ అక్షయ్‌ని చూశాడు.

"ఇప్పుడే అందులోంచి బయటికొచ్చానండీ."

అవతల నవ్వు. "అయితే మండే నుంచి వచ్చేయండి."

అక్షయ్ అప్పుడు తువ్వాలు అందించాడు.