మూడు గీతల కుండ

బుల్లియ్య నా మేనమామ. మా అమ్మ తోడబుట్టినవాడు, మా లంకకు పెద్ద. మా చెల్లెలు రత్తమ్మ ముందరి పళ్లు ఆరు రాలగొట్టమని తీర్పు చెప్పింది ఆయనే. రాయి తెచ్చింది కూడా ఆయనే. కొల్లేటి లంకలో రాయి దొరకదు, తవ్వినంత లోతూ ఒండ్రే. వెంకటరత్నం శెట్టిగారి నీలిమందు తొట్ల గోడ కోసం దిగిన రాళ్లలోంచి, చేతిలో జారిపోకుండా గరుకుగా ఉన్నది చూసి మరీ ఏరుకొచ్చాడు. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. పోయినవాడి గురించి మంచే మాట్లాడాలని మా వాళ్లంటారు. వాళ్లు మాట్లాడుకోనీ.

పద్దెనిమిదివందల ఎనభై ఎనిమిది, జ్యేష్ఠ మాసం. వాన చుక్క పడలేదు. కొల్లేట్లో నీళ్లు మొలలోతుకు దిగిపోయాయి. నీటి మీద పచ్చటి తెట్టు, కాగిన పాల మీద మీగడలా. దోనె నడిపితే గడకు రంగు అంటుకునేది. ఒక రోజు పొద్దున వల లాగితే కొర్రమీనులన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని వచ్చాయి. ఒకదాన్ని చేత్తో తీయబోతే మాంసం ఊడి వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఖాళీ దోనెతో ఇంటికొచ్చేసరికి గట్టు మీద రత్తమ్మ గేదె గిలగిల కొట్టుకుంటోంది.

నీళ్లు తాగి గంటయిందట. నోటి వెంట నురుగు. నాలుగు కాళ్లూ కర్రల్లా బిగిసిపోయాయి. తల నేలకేసి కొట్టుకుంటే ఎడమ కొమ్ము మొదలంటా విరిగింది. పట్టుకోబోయిన రత్తమ్మను ఒక్క విదిలింపుతో అవతల పడేసింది. అది పూర్తిగా చావడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన నాలుగేళ్ల నుంచీ రత్తమ్మ ఆ గేదె పెరుగే అమ్ముకుని బతుకుతోంది. సాయంత్రానికి లంకలో ఇంకో మూడు గేదెలు, రెండు ఆవులు పోయాయి.

అమ్మవారికి కోపమొచ్చిందన్నారు. దున్నపోతును తెచ్చి నరికి, నెత్తురూ పేగులూ రేవులోనే కలిపారు. వారం తిరిగేసరికి ఆ రేవు దగ్గరే తెట్టు రెండింతలు చిక్కబడింది. మా అందరి కళ్ల ముందే చిక్కబడింది. అయితే దాన్ని చూసింది రత్తమ్మ ఒక్కతే.

"అన్నియ్యా, కుళ్లింది ఏసిన చోటే బలుస్తోంది ఇది. గమనించేవా?" అంది.

"అమ్మోరి పని గురించి నీకెందుకే," అన్నాను.

మిషను ఆసుపత్రి కాంపౌండరు లాజరు నెలకోసారి చలిజ్వరాల మందు పట్టుకుని దోనె మీద వచ్చేవాడు. మాలపల్లెలో పుట్టినవాడు కనుక మా వాళ్లు ఆయన్ని గట్టెక్కనిచ్చేవారు కాదు. దోనెలో కూర్చునే మందిచ్చేవాడు. ఆయన తాగే మజ్జిగ కూడా పైనుంచి దోసిట్లోకి పోసేవాళ్లం. ఆ నెల వచ్చినప్పుడు ఆయన తెట్టును ఒక గాజు సీసాలోకి తీసి వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"మా డాక్టరు దొరగారి పత్రికలో చదివేనమ్మా. సముద్రాలవతల ఒక పెద్ద సరస్సుందంట. ఇలాగే తెట్టు కట్టిందంట, ఆ నీళ్లు తాగిన గొర్రెలూ గుర్రాలూ చచ్చేయంట. తెట్టులోనే విషం ఉందని రాశారు."

"మరది ఎందుకు కట్టిందో రాశారాండీ?" అంది రత్తమ్మ.

"రాయలేదు. ఎవరికీ తెలీదంట."

"మూడేళ్ల కిందట మాకిది లేదండీ. ఆ తొట్లు వచ్చేకే."

మూడేళ్ల కిందటే శెట్టిగారు మురుగు కాలవ గట్టున నీలి తొట్లు కట్టించాడు. నీలి ఆకు కోసి తెచ్చి తొట్లలో నానబెడతారు. అది కుళ్లి రంగు దిగాక, పిప్పినీ కంపు నీళ్లనూ కాలవలోకి వదిలేస్తారు. కాలవ తిన్నగా కొల్లేట్లో కలుస్తుంది. మగవాడికి రోజుకి రెండణాలు, ఆడదానికి అణా. చేపలు చచ్చాక మా లంకలో సగం మంది ఆ తొట్లలోనే దిగారు. చేపల్ని చంపిన చోటికే అన్నం కోసం వెళ్లామని అప్పుడు తెలియదు. తెలిస్తే మానేవాళ్లమని కాదు.

"నాకూ అదే అనుమానం," అన్నాడు లాజరు. "కానీ అనుమానం రాసి పంపితే సర్కారు కచేరీలో చింపి పారేస్తారు. రుజువు కావాలి."

రత్తమ్మ అందుకుంది. "పెరుగు ఇరిగిందనుకోండి. పాలు చెడ్డయ్యో, తోడు చెడ్డదో తెలీదు కదా. అప్పుడు నేనేం సేస్తానంటే, ఒకటే పాలు నాలుగు ముంతల్లో పోసి, ఒకటే తోడేసి, ఒక్కోదాంట్లో ఒక్కటే మారుస్తాను. ఏది ఇరిగిందో సూస్తే తప్పెక్కడుందో తెలిసిపోద్ది. దీనికీ అంతే సెయ్యకూడదాండీ?"

లాజరు సీసా కింద పెట్టాడు. "మా దొరగారికి ఈ ఊహ రాలేదమ్మా."

"దొరగారు పెరుగమ్ముకోలేదు కదండీ, పాపం."

నాలుగు కుండలు పెట్టాం. తెట్టు లేని తూర్పు వైపు నుంచి దోనెలో నీళ్లు తెచ్చి నాలుగింట్లోనూ సమంగా పోశాం. తోడుకి ఒక్కో గరిటె తెట్టు వేసింది రత్తమ్మ. మొదటి కుండలో ఇంకేమీ లేదు. రెండో దాంట్లో గచ్చకాయంత నీలిమందు ముక్క, ఎందుకంటే రంగే విషమని కొందరన్నారు. మూడో దాంట్లో తొట్ల పిప్పి దోసెడు. నాలుగో దాంట్లోనూ అదే పిప్పి, కానీ మూత పెట్టి మట్టి మెత్తి ఎండ తగలకుండా చేసింది. తేడా తెలియాలని కుండల మీద వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు సున్నపు గీతలు గీసింది. గట్టు మీద ఎండలో పెట్టింది. నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివినవాణ్ని. లాజరు ఇచ్చిన కాగితం మీద రోజూ చూసింది రాయడం నా వంతు. తొమ్మిదో రోజుకు వస్తానని చెప్పి ఆయన వెళ్లాడు.

బుల్లియ్య పెళ్లాం తలుపులమ్మ నీళ్లకు పోతూ ఆగింది. "ఏమే రత్తీ, కుండలకి నామాలు పెట్టేవు? పెళ్లా ఏంటి?"

"పెళ్లి అయిపోయిందత్తా. తొమ్మిదో రోజున పురుడు," అని నవ్వింది రత్తమ్మ. ఆరు పళ్లూ కనబడేలా నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

నాలుగో రోజు మూడో కుండలో నీళ్లు పచ్చబడ్డాయి. ఏడో రోజుకు తెట్టు కట్టింది. తొమ్మిదో రోజుకు వేలు ముంచితే గోరు కనబడలేదు. మొదటి కుండ వెలవెలబోయి అలాగే ఉంది. రెండో కుండ నీలంగా ఉంది కానీ, తెట్టు లేదు. నాలుగో దాని మూత తీస్తే కంపు కొట్టింది, పచ్చదనం మాత్రం లేదు. కుళ్లిన పిప్పి దీనికి తిండి, ఎండ దీనికి పొయ్యి. అంతే సంగతి. కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. లాజరు రాలేదు.

పదో రోజు పొద్దున బుల్లియ్య బాతులు గట్టెక్కి మూడో కుండలో ముక్కులు పెట్టాయి. ఎనిమిది బాతులు. మేం చూసి తోలేలోపే తాగేశాయి. మధ్యాహ్నానికి మెడలు వెనక్కి తిరిగిపోయి, రెక్కలు కొట్టుకుంటూ మా వాకిట్లోనే చచ్చాయి.

సాయంత్రం పంచాయితీ. శెట్టిగారు ఎవరూ పిలవకుండానే వచ్చాడు. మంచం వేశారు. గొడుగు పక్కన పెట్టి నెమ్మదిగా మాట్లాడాడు.

"నేను ఏమీ అనను నాయనా. మీ లంక, మీ ఆచారం. పశువులు చస్తున్నాయి, చేపలు చస్తున్నాయి, ఇప్పుడు బాతులు. తప్పు నా తొట్లదంటున్నారని విన్నాను. పోనీ మూసేస్తాను. రేప్పొద్దున్నించి ఎవరూ కూలికి రానక్కర్లేదు."

ఆ చివరి మాటకి గుంపు మొత్తం ఒక్కసారిగా రత్తమ్మ వైపు తిరిగింది.

"నాతో తనే అంది, తొమ్మిదో రోజున పురుడని!" అని అరిచింది తలుపులమ్మ. "ఏం పుట్టిందో సూసేరు కదా!"

"గీతలు సూడండి, గీతలు," అన్నాడొకడు. "లెక్కపెట్టి మరీ ఏసింది."

"అత్తా, అది ఎగతాళికన్నాను," అంది రత్తమ్మ. "మీరు మూడో కుండ సూడండి, రెండోది సూడండి. పిప్పి ఉన్నదాంట్లోనే..."

"నోర్ముయ్యే," అన్నాడు బుల్లియ్య. నా వైపు తిరిగాడు. "ఒరే సత్తియ్యా. కుండలెవరియ్యిరా?"

నీళ్లు తెచ్చింది నేను. రాసింది నేను. బుర్ర మాత్రం దానిది. అందరూ నన్నే చూస్తున్నారు. బుల్లియ్య చేతిలో అప్పటికే రాయి ఉంది.

"దానియ్యి," అన్నాను.

చేతబడి చేసినవాళ్ల ముందరి పళ్లు తీసేస్తే మంత్రం సరిగ్గా పలకలేరని మా వాళ్ల నమ్మకం. నలుగురు మగవాళ్లు దాన్ని వెల్లకిలా పడేశారు. ఒకడు జుట్టు పట్టుకున్నాడు, ఒకడు దవడల మధ్య తెడ్డు కొన దూర్చాడు, ఇంకొకడు బుల్లియ్య చేతిలోంచి రాయి అందుకున్నాడు. మొదటి దెబ్బకు పెదవి చీలింది, పన్ను విరగలేదు. "సరిగ్గా కొట్టరా, ఎంతసేపు," అన్నాడు బుల్లియ్య. నాలుగో దెబ్బకు రెండు పళ్లు ఊడాయి. నెత్తురు గొంతులోకి పోయి దగ్గుతుంటే పక్కకు తిప్పి, మళ్లీ వెల్లకిలా చేసి కొట్టారు. బుల్లియ్య లెక్కపెట్టాడు. ఆరు కాగానే చెయ్యెత్తాడు. నన్ను ఇద్దరు పట్టుకున్నారని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు.

ఆపైన గడలతో కుండలు పగలగొట్టారు. మూడో కుండ పగిలినప్పుడు ఆ పచ్చదనం వాళ్ల ఒంటి మీద చిందింది. కేకలు పెట్టుకుంటూ కడుక్కోవడానికి రేవులోకి పరిగెత్తారు, అదే పచ్చటి నీళ్లలోకి. శెట్టిగారు గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున లాజరు వచ్చాడు. రత్తమ్మ మొహం చూసి దోనె దిగి, గట్టెక్కి, మా వాకిట్లోకి నడిచొచ్చాడు. వద్దనడానికి ఎవరూ రాలేదు. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో నోరు కడిగి, పెదవికి రెండు కుట్లు వేశాడు. ఇక్కణ్నుంచి వెళ్లాక వచ్చిన జ్వరం వదల్లేదని, అందుకే రాలేకపోయానని పదిసార్లు చెప్పాడు. నా కాగితం రెండుసార్లు చదివాడు.

"కుండలేవీ?"

పెంకులు చూపించాను.

ఆయన తల దించుకున్నాడు. "అబద్ధం చెప్పను సత్తియ్యా. ఇది ఒక్కసారి వచ్చిన ఫలితం. పైవాళ్లు అడిగే మొదటి మాట, మళ్లీ చేస్తే మళ్లీ ఇదే వచ్చిందా అని. మళ్లీ పెట్టాలి. ఎలా అడగను నేను మిమ్మల్ని?"

రత్తమ్మకు మాట రావడం లేదు. నోరంతా వాచిపోయింది. గోడ పట్టుకుని లేచింది. అటక మీద పెరుగు కుండలు ఇంకా ఉన్నాయి, గేదె లేదు కనుక ఖాళీగానే ఉన్నాయి. ఒక్కొక్కటీ దించింది, నాలుగు. తమలపాకుల సున్నం వేలికి తీసుకుని మొదటి కుండ మీద ఒక గీత గీసింది.

అప్పుడే వచ్చాడు బుల్లియ్య. వెనక శెట్టిగారి గుమాస్తా, చేతిలో కాగితం. రత్తమ్మ చేతబడి చేసి పశువుల్ని చంపిందని, శెట్టిగారి తొట్లకు ఏ సంబంధమూ లేదని, ఇంటి మగదిక్కుగా నేను ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది.

"సంతకం పెట్టెయ్. ఆ తొమ్మిది రోజుల కాయితం కూడా ఇచ్చెయ్," అన్నాడు బుల్లియ్య. "నీ పొలం నీకుంటది. నా మేనల్లుడివి కాబట్టి సెబుతున్నా."

కొల్లేటి నీళ్లు తీసినచోట లంక పెద్ద ఏటా కొలిచి ఇచ్చే పొలం. మా తాత నాటి నుంచీ మా వంతు తప్పలేదు. చేపలు లేని ఏడు అదే మా అన్నం.

నేను రత్తమ్మ వైపు చూశాను. అది నా వైపు చూడలేదు. రెండో కుండ మీద రెండు గీతలు గీస్తోంది. పెదవి కుట్లలోంచి కారిన నెత్తురు సున్నంలో పడి గీత ఎర్రబడింది. మోచేత్తో తుడిచి మళ్లీ గీసింది.

తొమ్మిది రోజుల కాగితం లాజరు చేతిలో పెట్టాను. ఆయన మడిచి చొక్కాలో పెట్టుకున్నాడు. వాకిట్లో రాయి నిన్న పడిన చోటే పడి ఉంది, నెత్తురు ఎండి నల్లబడింది. దాన్ని తీసి బుల్లియ్య కాళ్ల ముందు పెట్టి, కింద కూర్చున్నాను.

"మావా, కుండలు నాయి."

"ఏంట్రా వాగుతున్నావు?"

"నిన్న అడిగేవు కదా, అబద్ధం సెప్పేను. నీళ్లు తెచ్చింది నేను. రాసింది నేను. కుండలు నాయి. ఈసారీ నాయే. కానియ్యి, కొట్టు."

గుమాస్తా రెండడుగులు వెనక్కి వేశాడు. బుల్లియ్య నన్ను చూశాడు, రాయిని చూశాడు, దోనె దిగి మా వాకిట్లో నిలబడిన లాజరును చూశాడు. ఎవడో ఒకడు ముందుకొస్తాడని కాసేపు ఎదురుచూశాడు కూడా. గుంపు లేదు ఆ పొద్దున. ఆ మనుషులంతా తొట్లలో ఉన్నారు.

రాయి ముట్టుకోలేదు. వెళ్లిపోయాడు.

ఆ ఏడు నీళ్లు తీశాక, బుల్లియ్య తాడు పట్టుకుని కొలిచి, మా వంతును తన అల్లుడికిచ్చాడు. రెండెకరాల డెబ్బై సెంట్లు.